బంగారు కాలు మొలిచిన బంటు

ఇనుమేటి ఒడ్డున రత్నకూట నగరం తొమ్మిది ప్రాకారాలతో, తొంభైతొమ్మిది బురుజులతో, ఎండ తగిలితే కళ్ళు బైర్లుకమ్మే పసిడి గోపురాలతో అమరావతికి సవతి చెల్లెల్లా వెలిగిపోతూ ఉంటుంది. వీధులకు పన్నీటి కళ్ళాపి, వాకిళ్ళకు పగడాల తోరణాలు. రాజమార్గం పొడుగునా వెండి పంజరాల్లో చిలకలు. ఆ చిలకలకు రాజుగారి బిరుదులు తప్ప మరో మాట రాదు. ఏటి ఒడ్డునే కవాతు మైదానం, దానికి ఎదురుగా గోడలు లేని సభామంటపం. మంటపానికి వెయ్యి స్తంభాలు, స్తంభానికొక కవి. స్తంభం కప్పును మోస్తుంది, కవి రాజును మోస్తాడు. రెండింటిలో ఏది రాయి అని అడిగితే తడుముకోవాలి.

ఆ రాజు ప్రచండకేతు మహారాజు. ఏటి అవతలి గరళగిరి రాజ్యంతో ఏడాదికొక యుద్ధం పడకపోతే ఆయనకు అన్నం అరగదు. అలాగని యుద్ధానికి ఆయన వెళ్ళడు. తెల్లగుర్రాల మీద ఐదువందలమంది దొరబిడ్డలు ఒడ్డున నిలబడి పోరును తిలకిస్తారు. ఏట్లో దిగేది పల్లెల్లోంచి పట్టుకొచ్చిన బంట్లు. తిరిగివచ్చేటప్పుడు మనుషులు వస్తారు గాని, వెళ్ళినన్ని కాళ్ళూ చేతులూ రావు.

ఇలా ఏటా తరిగిపోతుంటే మరుసటి యుద్ధానికి సైన్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ చిక్కు విప్పినవాడు ఆస్థానకవి చండభైరవ భట్టు. పన్నెండేళ్ళు శ్మశానంలో ఒక క్షుద్రమాంత్రికుడి కాళ్ళు పిసికి, పిశాచం పక్కటెముకతో చేసిన గంటం సంపాదించిన ఘనుడు. ఆ గంటంతో రాసిన పద్యం నిండుసభలో చదివి, సభ యావత్తూ ఒక్కగొంతుతో 'భళా' అంటే చాలు. పద్యంలో ఏముందో లోకానికి అదే కనిపిస్తుంది. గాయపడ్డవాడికీ, అతనితో ఒక కప్పు కింద పడుకునేవాళ్ళకూ మాత్రం ఉన్నది ఉన్నట్టే కనిపిస్తుంది. వాళ్ళ చూపుతో రాజ్యానికి పనేముంది?

అలా పుట్టింది గాయోత్సవం. దెబ్బ తిన్న ప్రతి బంటూ సభలో వేదికెక్కి నిలబడాలి, భట్టు అతని గాయం మీద పద్యం చదవాలి. పద్యం పడేదాకా వైద్యుడు కట్టు విప్పకూడదని శాసనం. పుండు కుళ్ళినా ఫరవాలేదు, ఉపమానం తాజాగా ఉండాలి.

ఈ ఏటి ఉత్సవంలో నూట పన్నెండోవాడుగా వేదికెక్కినవాడు కాటన్న. కొండవాలు పల్లెలో జొన్నచేను దున్నుకునే మనిషి. ఇనుమేటి ఇసుకలో గండ్రగొడ్డలి దెబ్బకు ఎడమకాలు మోకాలి కింద తెగిపోయింది. ఇద్దరు భటులు రెక్కలు పట్టుకుని నిలబెడితే నిలబడ్డాడు. భట్టు గొంతు సవరించుకున్నాడు.

కాలు పోయె ననకు కనకంపు దూలమ్ము
మొలిచె వీరునడుగు మోదమలర
ఆలి కంటి చుక్క లచ్చంపు ముత్యాలు
రాజకీర్తికాంత రత్నమాల

"భళా" అంది సభ. కాటన్న మోకాలి కింద ధగధగమని బంగారు కాలు మొలిచింది. "నడువు, వీరుడా" అని భటులు చెయ్యి వదిలారు. కాటన్న దభీమని పడ్డాడు. బంగారం బరువు ఇంకా అలవాటు కాలేదని అందరూ సరిపెట్టుకున్నారు. పద్యానికి మెచ్చి రాజుగారు భట్టు ఎడమకాలికి స్వహస్తాలతో గండపెండేరం తొడిగారు. కాలు పోయింది ఒకడికి, కాలికి నగ పడింది ఇంకొకడికి. పంపకమంటే అలా ఉండాలి.

మూడు రోజులు గడిచాయి. కాళ్ళూ చేతులూ మొలిచిన వీరులందరూ నాలుగో రోజు మూడో నగారా మోగేసరికి ఏరు దాటి మళ్ళీ యుద్ధానికి కదలాలని చాటింపు పడింది.

ఆ నాలుగో రోజు పొద్దున కాటన్న పెళ్ళాం మాచెమ్మ, నగరంలో తమకిచ్చిన బంట్ల పాకలో వడ్లు దంచుతోంది. ఆమె గడ్డం కింద పళ్ళెం పట్టుకుని ఒక రాజభటుడు గొంతుక్కూచున్నాడు. పద్యం మూడో పాదం మహిమ అది. కాలు ఒట్టి కనికట్టే గాని, గాయపడ్డవాడి ఆలి కన్నీరు పెడితే మాత్రం నిజంగానే ముత్యాలు రాలాలి, రాజుగారికి అక్కరకొచ్చేవి అవే. రాలేటప్పుడు అవి కంటిని ఎలా గీరుకుపోతాయో పద్యంలో లేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు.

"అమ్మా, కాస్త కన్ను చెమ్మ చెయ్యి తల్లీ. పొద్దెక్కుతోంది," అన్నాడు భటుడు.

"చెమ్మ ఎక్కడిదయ్యా, రాళ్ళొస్తుంటే."

"రాళ్ళనకూడదు. అవి కీర్తికాంత నగలు."

"అయితే ఆ కాంతనే వచ్చి కంట్లో పెట్టుకోమను."

గోడకి ఆనుకుని కూర్చున్న కాటన్న మొహం చిట్లించాడు. "ఏమే మాచీ, ఎడమ అరికాలు దురద పెడుతోందే. ఓసారి గోకు."

మాచెమ్మ రోకలి ఆపింది. మోకాలి కింద గుడ్డ చుట్టిన మోడు ఉంది, దాని కింద చాప ఉంది.

"ఎక్కడ గోకనయ్యా?"

"అయ్యో, ఇంత కాలు కనపడుతుంటే," అని భటుడు పళ్ళెం దించి, చాపకు జానెడు ఎత్తున గాలిలో వేళ్ళు ఆడించాడు. "ఎంత నునుపు. అద్దంలా ఉంది."

"తగ్గిందా?" అంది మాచెమ్మ.

"దురద ఇక్కడే ఉంది," అన్నాడు కాటన్న. "మంచివాడే పాపం, గోకనీ."

అంతలో మొదటి నగారా మోగింది. నలుగురు భటులు వచ్చి కాటన్నను లేవదీశారు. అతను ఒక కాలి మీద ఊగుతుంటే, చెయ్యి పోయిన బంటు ఒకడికీ, కళ్ళు పోయిన బంటు ఒకడికీ మధ్య నడుముకు తాడేసి కట్టారు. ముగ్గురినీ కలిపితే ఒక నిండు మనిషవుతాడు. పటాలంలో మాత్రం ముగ్గురు వీరుల కింద లెక్క.

"ముందు వరసలో పెడతారంట," అన్నాడు కాటన్న వెనక్కి తిరిగి. "బంగారం ముందుంటే శత్రువు జడుస్తాడంట. ఏడవకే. ఏడిస్తే మళ్ళీ పళ్ళెం పడతాడు."

ఏరు దాటితే కాటన్న తిరిగిరాడు. ఒంటికాలివాడు ముందు వరసలో ఎంతసేపు నిలుస్తాడో తెలుసుకోడానికి ఆమెకు జ్యోతిష్కుడు అక్కర్లేదు. ఏడవలేదు. రోకలి చంకన పెట్టుకుని వీధి చివరికి పరుగెత్తింది.

అక్కడ ఉండేవాడు భళాకారుల పెద్ద ఓబయ్య. అతని కొలువు ఒకటే: పద్యం ముగియగానే అందరికంటే ముందు 'భళా' అనడం. అతను అంటే సభ అంటుంది. రాజుగారికి కూడా ఎక్కడ మెచ్చుకోవాలో ఓబయ్య నోరు చూసే తెలుస్తుంది. ముప్ఫై ఏళ్ళు అని అని అతని దవడ ఒక పక్కకి తిరిగి ఉండిపోయింది.

"ఓబయ్య మావా, ఆ పద్యాన్ని చంపేదెట్టా?" అంది మాచెమ్మ.

"చంపడమేమిటే పిల్లా, పద్యం పామా?"

"పామైతే నేనే కొట్టేదాన్ని. నీ గుమ్మం తొక్కేదాన్నా?"

ఓబయ్య వీధి అటూ ఇటూ చూశాడు. ఇంట్లోకి చూశాడు. లోపల అతని అల్లుడు గోడ తడుముకుంటూ తిరుగుతున్నాడు. నిరుటి యుద్ధంలో కళ్ళు పోయాయి. ఊరందరికీ ఆ కళ్ళ చోట నల్లకలువలు కనిపిస్తాయి. ఓబయ్యా, అతని కూతురూ మాత్రం ఉన్నది చూస్తారు.

"నిన్న బావిని వాకిలనుకున్నాడు," అన్నాడు ఓబయ్య గొంతు తగ్గించి. "మా పిల్ల నడుం పట్టుకుని లాగింది కాబట్టి ఉన్నాడు. విను. అదే సభలో, అదే గాయం మీద ఇంకో పాట పాడాలి. పాట అయ్యాక ఒక్క నోరు కూడా భళా అనకూడదు. అప్పుడు పద్యం చస్తుంది."

"ఒక్కటేగా చచ్చేది? మిగతావాళ్ళ పద్యాలు?"

ఓబయ్య తిరిగిన దవడతోనే నవ్వాడు. "మిగతావెక్కడున్నాయి? భట్టు బద్ధకిష్టి. మూడువేలమందికీ ఒకటే పద్యం. కాలు తీసి చేయి పెడతాడు, చేయి తీసి కన్ను పెడతాడు. అలా మార్చినప్పుడు యతి కుంటుతుంది. ఆ సభలో కుంటుతున్నట్టు ఒప్పుకునేది అదొక్కటే."

"మరి నువ్వు నోరు మూసుకుంటావా మావా?"

"నేను మూస్తాను. ఈ దవడ నా మాట వినాలిగా. పాట అన్నది ఆగితే దానంతటదే తెరుచుకుంటుంది. నేనేం చెయ్యను, ముప్ఫై ఏళ్ళ పాపం."

అంతకంటే మాట తీసుకునే వ్యవధి లేదు. సభలోకి కవులకు తప్ప ప్రవేశం లేదు, ఆడవాళ్ళకు అసలే లేదు. మాచెమ్మ ఏటి ఒడ్డు మామిడితోపులోకి దూరింది. రాజభోజనం చేసిన కవులు అక్కడ వరసగా వెల్లకిలా పడి గుర్రుపెడుతున్నారు. వాళ్ళ గురకలో మాత్రం ఒకరి బాణీ ఒకరికి రాదు, అదొక్కటీ స్వతంత్ర రచన. ఒకడి తలపాగా, ఇంకొకడి పట్టుశాలువా, మూడోవాడి కుంకుమభరిణె తీసుకుంది. గుర్రపుతోక వెంట్రుకలు జిగురుతో పెదవి మీద అంటించింది. రోకలికి పట్టుగుడ్డ చుడితే దండమైంది. కవి తయారు. ఇంత తేలికని తెలిస్తే ఊళ్ళో వ్యవసాయం చేసేవాడు మిగలడు.

రెండో నగారా మోగింది. కందకం మీది వంతెన గొలుసులు కిర్రుమంటూ పైకి లేస్తోంది. మాచెమ్మ శాలువా ఎగ్గట్టి ఒక్క పరుగున ఒడ్డుకు చేరేసరికి వంతెన నిలువెత్తు లేచిపోయింది. కింద నల్లటి నీళ్ళలో నాపరాళ్ళలా మొసళ్ళు. ఆలోచించడానికి కూర్చుంటే మొగుడు ఏరు దాటుతాడు. దూకింది. ఎదుటి మొసలి బారెడు నోరు తెరిచింది. రోకలిని నిలువుగా దాని దవడల మధ్య దించింది. మొసలి నోరు మూయలేక, బహుమానం ప్రకటిస్తారని ఎదురుచూసే కవిలా అలాగే ఉండిపోయింది. దాని నెత్తి మీదికి ఎక్కి, వంగి రోకలి పెరికి, రెండో మొసలి వీపు మీద ఒక్క అంగ వేసి, తోక విసురు తగిలేలోపు వంతెన గొలుసు అందుకుంది. అరచేతుల తోలు ఊడిపోతుండగా పైకి పాకి అవతల దూకింది.

అక్కడ సరస్వతీ ద్వారం. ఇరువైపులా రెండు రాతిసింహాలు. కవి కానివాణ్ణి గుటుక్కున మింగమని వాటికి చండభైరవుడి ఆన.

"ఎవడవు?" అని గర్జించాయి సింహాలు. "బిరుదు చెప్పు."

"పద్యం చెప్పద్దా?"

"పద్యం ఎవడికి కావాలి? బిరుదు చెప్పు."

మాచెమ్మ ఒక్క క్షణం తన రోకలి వైపు, ఇంట్లో వదిలొచ్చిన రోటి వైపు మనసు పోనిచ్చింది. "ఉలూఖల కంఠీరవ, తండుల మర్దన చక్రవర్తి, రోకలి భట్టు," అంది గొంతు బొంగురు చేసి.

సింహాలు రెండూ తలలు వంచి దారి ఇచ్చాయి. మూడు ముక్కల బిరుదుకు మొక్కని రాయి ఆ రాజ్యంలో లేదు.

సభామంటపంలో ప్రచండకేతు మహారాజు సింహాసనం మీద, పక్కన పదహారు పేటల ముత్యాల హారం వేసుకుని రాణిగారు, రాజుగారి కిరీటం నిండా కొత్త ముత్యాలు. కాలు ముందుకు చాపి, గండపెండేరం అందరికీ కనపడేలా చండభైరవ భట్టు. స్తంభాల అవతల మైదానంలో మూడువేలమంది బంగారు కాళ్ళతో, బంగారు చేతులతో, కలువ కళ్ళతో మిలమిలలాడుతున్నారు. వాళ్ళ పక్కనే తెల్లగుర్రాల దొరబిడ్డలు ఐదువందలమంది. పొలిమేరన బంట్ల పెళ్ళాలు, పళ్ళేల భటులు. సాగనంపే పద్యం ఒకటి చదివితే మూడో నగారా మోగుతుంది.

"మహాప్రభో, దూరదేశం నుంచి వచ్చాను. సాగనంపే పాట నన్ను పాడనివ్వండి," అంది మాచెమ్మ వంగి.

చండభైరవుడు కనుబొమలు ముడిచాడు. "ఏమి ఛందస్సు?"

"దంపుడు ఛందస్సండీ. మా వైపు ఇప్పుడు అదే నడుస్తోంది."

రాజుగారికి తెలియని సంగతి ఒకటి నడుస్తోందంటే ఆయన ఊరుకోడు. "మాకు తెలుసు, తెలుసు. కానీ," అన్నాడు.

మాచెమ్మ పట్టుగుడ్డ విప్పి, రోకలితో రాతినేల మీద ఒక్క పోటు వేసింది. వెయ్యి స్తంభాలూ ఖంగుమన్నాయి. దెబ్బకొక పాదం చొప్పున పాట అందుకుంది.

లేని కాలు గోకమంటాడు, సువ్వీ
ఉన్న చోటు చూపమంటాను, సువ్వీ
మూకుడు జారి మోగితే చాలు, సువ్వీ
గాదె వెనక నక్కి కూచుంటాడు, సువ్వీ

కవులు కిసుక్కుమన్నారు. "మూకుడట" అన్నాడొకడు. మైదానంలో మాత్రం నవ్వు లేదు. మూడువేలమందిలో మూకుడు చప్పుడు తెలియనివాడు లేడు.

నిద్దట్లో నా గొంతు పిసికి, సువ్వీ
తెల్లారి నా మెడ చూస్తాడు, సువ్వీ
ఎవడు కొట్టాడే అంటాడు, సువ్వీ
ఎవడని చెప్పనే తల్లీ, సువ్వీ

రాణిగారు చెయ్యి మెడకు పెట్టుకున్నారు. పొలిమేరన ఒక ఆడమనిషి కొంగు గొంతు దాకా లాక్కుంది, పక్కనున్నావిడ కూడా లాక్కుంది. భట్టు చాపిన కాలు వెనక్కి తీసుకున్నాడు. మాచెమ్మ మీసం చెమటకు ఒక పక్క ఊడి వేలాడుతోంది. ఆమె చూసుకోలేదు.

కాలొక్కటే రాలేదన్నారు, సువ్వీ
మనిషే ఇంకా రాలేదమ్మా, సువ్వీ

రోకలి ఆగింది.

సభ మొత్తం అలవాటు ప్రకారం ఓబయ్య నోటికేసి చూసింది. ఓబయ్య దవడ తెరుచుకుంది. పళ్ళు కనిపించాయి. నాలుక లేచింది. మెడ నరాలు తాళ్ళలా పొంగాయి. అతను రెండు చేతులతో కండువా ఉండచేసి నోట్లో కుక్కుకుని, దాని మీద అరచెయ్యి అదిమి, అలాగే కూలబడ్డాడు. ఓబయ్య అననిది కవులు ఎలా అంటారు? కవులు అననిది రాజుగారు ఎలా అంటారు? రాజమార్గంలో చిలకలు కూడా నోరు మెదపలేదు.

ఎక్కడో మట్టికుండ పగిలినట్టు ఒక చప్పుడు. కాటన్న బంగారు కాలు పొడి పొడి అయి రాలింది. తరవాత అతని పక్కవాడి చెయ్యి, ఆ పక్కవాడి కలువలు. అంతదాకా ఒకరినొకరు మోసుకుంటూ నిలబడ్డ మూడువేలమంది వీరులు కళ్ళు మూసి తెరిచేలోపు పండిన చేను గాలికి పడ్డట్టు పడ్డారు. మైదానంలో నిలబడి ఉన్నవి తెల్లగుర్రాలు మాత్రమే.

ముత్యాలు తమ పుట్టుకకు తిరిగి వెళ్ళాయి. రాణిగారి పదహారు పేటల హారం నీరై పట్టురవిక తడిపేసింది. రాజుగారి కిరీటంలోంచి ధారలు కట్టి మొహం మీదుగా నోట్లోకి జారాయి. ఆయన నాలుకతో చూసి, "ఉప్పగా ఉందేమిటి?" అన్నాడు.



చండభైరవుడు లేచి, మాచెమ్మను రాతిబొమ్మ చెయ్యడానికి గంటం ఎత్తి పద్యం అందుకున్నాడు. పిశాచపు ఎముకకు మేత భళాలే. ఒక పాదం అయింది, రెండు పాదాలు అయ్యాయి, భళా లేదు. ఆకలికి ఆగలేక గంటం భట్టు చూపుడువేలినే కొరికింది. భట్టు కెవ్వుమని సింహాసనం వెనక దూరాడు. అది గాయమే. దాని మీద పద్యం చెప్పడానికి వెయ్యిమంది కవుల్లో ఒక్కడూ ముందుకు రాలేదు.

"ఆడది," అన్నాడు రాజు, వేలాడే మీసం చూసి. "పట్టుకోండి. నాలుక కోయండి."

భటులు రెండడుగులు వేశారో లేదో బురుజు మీద కొమ్ములు అరిచాయి. "గరళగిరి దండు. ఏరు దాటుతోంది." అందరూ అటు తిరిగారు. ఇనుమేటి నడుమ వందల తెప్పలు. తెప్పల నిండా సైనికులు. బంగారు చేతులు, బంగారు కాళ్ళు ఎండలో భగభగ మెరుస్తున్నాయి.

రాజు సింహాసనం వెనక్కి వంగాడు. "భట్టూ, వాళ్ళకెక్కడివి?"

"అవతల మా బావమరిది ఆస్థానకవి ప్రభూ," అంది వెనకనుంచి ఒక పీలగొంతు.

"అదే పద్యమా?"

"తమ పేరు అందులో లేదు గదా ప్రభూ. ఏ రాజుకైనా అతుకుతుంది. అది అక్కడి సభలో చదివింది, అక్కడి భళాలు ఇంకా బతికే ఉన్నాయి."

ప్రచండకేతు మహారాజు మొహం ఎంత తొందరగా మారిందంటే, ఆ మార్పు మీద ఖండకావ్యం రాయవచ్చు. "కవయిత్రీ," అన్నాడు మాచెమ్మతో. "ఆ పాట అటు తిరిగి పాడు. గండపెండేరం నీకే తొడిగిస్తాను."

మాచెమ్మ తెల్లగుర్రాలకేసి చూసింది. దొరబిడ్డలు అప్పటికే కత్తులు దూశారు. ఐదువందలమందికీ వేళ్ళు పదేసి ఉన్నాయి, ఒంటి మీద దోమకాటు కూడా లేదు. పాటకు గరళగిరివాళ్ళు పడితే, పడ్డ కుంటివాళ్ళ మీద వీళ్ళు గుర్రాలు తోలతారు. పాడకపోతే ఆ తెప్పలు దిగినవాళ్ళు మైదానంలో పడి ఉన్న కాటన్నను, మూడువేలమందిని ఈటెలతో గుచ్చుకుంటూ వస్తారు. పాడినా చావే, మానినా చావే. ఎవరి చావు అన్నదే తేడా.

"పాడతాను మహారాజా," అంది. "కాని ఇది దంపుడు పాట. దంచకుండా గొంతు పెగలదు. సభలో అయితే ఒక్క రోకలి చాలింది. ఏటి మీదికి వినపడాలంటే ఐదువందల రోకళ్ళన్నా పడాలి. దొరల్ని దిగమనండి."

గుర్రాల మధ్యనుంచి దొరబిడ్డల నాయకుడు వీరభూపుడు ఉలిక్కిపడ్డాడు. "మేము దంచడమా? మా వంశంలో రోకలి ముట్టినవాడు లేడు."

"తెలుస్తూనే ఉంది బాబూ," అంది మాచెమ్మ. "ఏమీ ముట్టినట్టు లేరు."

తెప్పలు సగం ఏరు దాటాయి. "దిగండి," అని అరిచాడు రాజు. "దిగమంటే."

పొలిమేరన ఉన్న ఆడవాళ్ళు పళ్ళేల భటుల్ని నెట్టుకుని, వంతెన దింపించి ఇళ్ళకు పరుగెత్తారు. ఊళ్ళో రోకళ్ళకు కరువా? చిటికెలో మోపులు మోపులు తెచ్చి ఇసుకలో పడేశారు. ఒక చేత్తో కత్తి, ఒక చేత్తో రోకలి పట్టుకుని దంచడం కుదరదని వీరభూపుడికి ఒక పోటుకే తెలిసింది. కత్తులు ఇసుకలో పెట్టారు. దొరలు రోకళ్ళు ఎత్తారు. ఒకడు తన బొటనవేలే దంచుకుని కూలబడ్డాడు. రత్నకూట రాజ్యపు ఉన్నత వంశాలకు యుద్ధంలో తగిలిన తొలి గాయం అదే.

ఈ సందట్లో ఎవరూ కిందికి చూడలేదు. కింద మూడువేలమంది పడి ఉన్నారు. కాళ్ళు లేనివాళ్ళకు చేతులున్నాయి, ఒక చెయ్యి లేనివాడికి ఇంకో చెయ్యి ఉంది. కత్తులు ఒక్కొక్కటే ఇసుక మీద జరజరా జరిగిపోయాయి.

మంటపం దిగి ఇసుకలోకి వచ్చిన మాచెమ్మ పాదాల దగ్గరకు కాటన్న మోచేతుల మీద పాకుతూ వచ్చాడు. చేతిలో వీరభూపుడి కత్తి ఉంది, నడుముకు కట్టిన తాడు దానితోనే కోసుకున్నాడు.

"మీసం బాగుందే," అన్నాడు.

"నువ్వు లేనప్పుడు అలవాటైంది," అని ఆమె మీసం పీకి పారేసి ఊపిరి పీల్చుకుంది. రోకలి ఎత్తింది.

"ఆగు," అన్నాడు కాటన్న. "ఇప్పుడు పాడకు."

"వచ్చేస్తున్నారు గదయ్యా."

"నడి ఏట్లో ఉన్నారు. ఇప్పుడు కాళ్ళు రాలితే నీళ్ళలో పడి చస్తారు. ఇసుక తగలనీ."

"ఇసుక తగిలితే ఈటెలు మనకి తగుల్తాయి."

"తగలనీ అంటున్నానా? ఇసుక తగలనీ అంటున్నాను. వాళ్ళలో కూడా దురద పెట్టేవాళ్ళుంటారే."

రోకలి గాలిలోనే ఆగింది. అది చూసి ఐదువందల రోకళ్ళూ గాలిలో ఆగాయి. తెప్పలు దగ్గరపడుతున్నాయి. వంద బారలు. యాభై బారలు. బంగారు కాళ్ళ మీది మొహాలు కనిపిస్తున్నాయి. ఎండిపోయిన మొహాలు, గడ్డాలు పెరిగిన మొహాలు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డ మొహాలు. వాళ్ళ వెనక ఒక పెద్ద తెప్ప మీద నూరుమంది భళాకారులు తప్పెటలతో కూర్చుని ఉన్నారు. అవతలి రాజు మన రాజు కంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాడు. భళాలను వెంటబెట్టుకుని వచ్చాడు. ఓబయ్య వాళ్ళను చూసి, నోట్లో కండువా తియ్యకుండానే మూలిగాడు.

"పాడవే, పాడు," అని రాజు మైదానంలోకి దిగి వచ్చి మాచెమ్మ వీపు వెనక గంతులేస్తున్నాడు. "మంచి పాట. చాలా గొప్ప పాట. నేను ముందే అంటాను, భ..."

ఆ మాట పూర్తి కాలేదు. రాజుగారి కాళ్ళ దగ్గర, ఇసుకలో కూర్చున్న కాటన్న కత్తి పైకి లేచి, ఆయన గొంతు కింద ఆగింది. ఇంకా ఉప్పునీళ్ళు కారుతున్న గడ్డం దాని మొన మీద నిలిచింది.

"పాట అయ్యేదాకా ఆ మాట వద్దు మహారాజా," అన్నాడు కాటన్న మెల్లగా. "ఒంటికాలి మీద కూర్చున్నాను. పైగా మొన్నటి యుద్ధం నుంచి చప్పుడు వింటే నా చెయ్యి అదురుతుంది. నా చేతుల్లో ఉండదది."

మొదటి తెప్ప ఇసుకకు ఒరుసుకుంది. ముందు వరసవాడు బంగారు కాలు ఒడ్డున మోపాడు. అతని వెనక రెండువందల ఈటెలు ఒక్కసారిగా లేచాయి. వాటి వెనక ఏటి మీద నూరు తప్పెటలు సిద్ధంగా లేచాయి. మాచెమ్మ రోకలి దిగింది, ఐదువందల రోకళ్ళు దానితో దిగాయి, నేల అదిరింది, ఆమె గొంతెత్తింది.

కత్తిమొన మీద గడ్డం ఆనించుకుని, ప్రచండకేతు మహారాజు తన జీవితంలో మొట్టమొదటిసారి ఒక పాటను నోరు మూసుకుని విన్నాడు.